రాని అతిథుల కోసం కట్టిన ఇల్లు: చాట్స్‌వర్త్ సందర్శనపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లండ్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు వేసవిలో అమ్మానాన్నలో అత్తమామలో వస్తారు. లండన్ చూపించడం నాలుగు రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత ఎక్కడికి తీసుకెళ్లాలని నన్ను చాలామంది అడుగుతారు, నేను ప్రతిసారీ చాట్స్‌వర్త్ అనే చెబుతాను. ఆ ఇంటికీ తోటకూ అన్ని ఋతువుల్లోనూ వెళ్లి వచ్చాను. మిత్రులు, బంధువులు పదేపదే అడిగిన ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

చాట్స్‌వర్త్ అంటే కోటా, రాజభవనమా, మ్యూజియమా?

మూడూ కాదు, అది ఒక కుటుంబం నివసించే ఇల్లు. ఇంగ్లండ్ మధ్యభాగంలోని డార్బీషైర్‌లో, పీక్ డిస్ట్రిక్ట్ కొండల నడుమ, డెర్వెంట్ నది ఒడ్డున ఉంటుంది. ఇంటివారి బిరుదు డెవన్‌షైర్ డ్యూక్. డెవన్ అనే ప్రాంతం దేశానికి నైరుతి మూలన ఎక్కడో ఉంది, కాబట్టి బిరుదు చూసి అటు టికెట్లు కొనుక్కోకండి. ఒక మిత్రుడు నిజంగానే కొనబోయాడు.

1549లో సర్ విలియం కావెండిష్, ఆయన భార్య బెస్ ఈ భూమిని 600 పౌండ్లకు కొని, కొద్ది ఏళ్లకే ఇల్లు మొదలుపెట్టారు. విలియం 1557లో చనిపోయినా బెస్ పని ఆపలేదు. ఆమె నాలుగో భర్త ష్రూస్‌బరీ ఎర్ల్. స్కాట్లండ్ రాణి మేరీకి కాపలా ఉండే బాధ్యతను ఇంగ్లండ్ రాణి ఆయనకు అప్పగించడంతో, మేరీ 1570లలో పలుమార్లు ఇక్కడ బందీగా గడిపింది. ఆ కాలం నాటి కట్టడాల్లో ఇప్పుడు బయటికి కనిపించేవి రెండే: కొండమీద చెట్ల మధ్య నిలిచిన వేట బురుజు, నది వైపు మేరీ పేరుతో ఉన్న చిన్న రాతి మంటపం.

ఇప్పుడు మనం చూసే ఇల్లు చాలావరకు మొదటి డ్యూక్ కట్టించినది. 1688లో డచ్ యువరాజు విలియమ్‌ను ఇంగ్లండ్ సింహాసనం మీద కూర్చోబెట్టిన ప్రభువుల్లో ఆయన ఒకరు, అందుకు ప్రతిఫలంగా 1694లో ఆయనకు డ్యూక్ బిరుదు దక్కింది. 1686 ప్రాంతంలో ఒక్క దక్షిణపు వైపు మార్చుదామని మొదలుపెట్టిన పని ఒక గోడ తర్వాత ఒక గోడగా 1707 దాకా సాగింది, ఆ ఏడాదే ఆయన కన్నుమూశారు. ఇల్లు కట్టిచూడు అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఒక రోజు సరిపోతుందా? ముందు ఇల్లు చూడాలా, తోట చూడాలా?

పొద్దున్నే చేరుకుంటే ఒక రోజు సరిపోతుంది, మధ్యాహ్నం చేరితే మాత్రం చాలదు. ఇంటికి రెండు గంటలు, తోటకు కనీసం మూడు గంటలు కేటాయించండి. చాలామంది ఇంట్లోనే అలసిపోయి, తోటను ఒక ఫౌంటెన్ దగ్గర ఫోటోతో ముగిస్తారు. 105 ఎకరాల తోటకు అది అన్యాయం. వాన పడే సూచన లేకపోతే ముందు తోటలోకి వెళ్లమని నా సలహా. ఇంట్లోకి ప్రవేశించే వేళ టికెట్ మీద ఉంటే దానికి తగ్గట్టు సర్దుకోవాలి.

ఏ నెలలో వెళితే బాగుంటుంది?

మే చివర, లేదా అక్టోబరు రెండో సగం. మేలో రోడోడెండ్రాన్ పొదలు ఎర్రగా, ఊదాగా విరగబూస్తాయి. అక్టోబరులో కొండవాలు మీది చెట్లు పసుపు, రాగి రంగులకు తిరుగుతాయి. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురుంటుంది కాబట్టి ఇల్లు మూసేశాక కూడా నది ఒడ్డున నడవవచ్చు. నవంబరు నుంచి క్రిస్మస్ అలంకరణలు ఉంటాయి. అవి అందంగానే ఉంటాయి గానీ గదుల అసలు రూపం వాటి వెనక దాగిపోతుంది, జనమూ ఎక్కువ. తొలిసారి వెళ్లేవారికి ఆ నెల వద్దంటాను. జనవరి మొదటి వారం తర్వాత మార్చి మధ్య దాకా ఇల్లు సాధారణంగా మూసి ఉంటుంది. తేదీలు ఏటా కొద్దిగా మారుతుంటాయి, అందుకే బయలుదేరే ముందు చాట్స్‌వర్త్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవాలి.

టికెట్లు ముందే కొనాలా? నేషనల్ ట్రస్ట్ సభ్యత్వం పనికొస్తుందా?

ముందే ఆన్‌లైన్‌లో కొనడం మేలు. ఇల్లు, తోట కలిపి ఒక టికెట్, తోటకు మాత్రమే ఒక టికెట్ ఉంటాయి. పిల్లల కోసం పెట్టిన పొలం ఆవరణకు వేరే టికెట్ ఉంటుంది. నేషనల్ ట్రస్ట్ కార్డు ఇక్కడ చెల్లదు, ఎందుకంటే ఈ ఇల్లు పాత భవనాలను, తోటలను కాపాడే ఆ సంస్థది కాదు. ఈ సంగతి గేటు దగ్గర తెలిసి, ఆరుగురికి అప్పటికప్పుడు డబ్బు కట్టి చిన్నబోయిన కుటుంబాన్ని నేను చూశాను.

కారు లేకుండా వెళ్లగలమా?

వెళ్లగలరు. లండన్ సెయింట్ పాంక్రస్ నుంచి చెస్టర్‌ఫీల్డ్‌కు రైల్లో సుమారు రెండు గంటలు పడుతుంది, అక్కడి నుంచి టాక్సీలో అరగంట లోపు చేరతారు. షెఫీల్డ్ నుంచి బేక్‌వెల్ వెళ్లే బస్సు చాట్స్‌వర్త్ మీదుగా నడుస్తుంది. ఆ దారిలో కొండలు ఎక్కి మూర్లాండ్ బీళ్లు దాటి ఒక్కసారిగా లోయలోకి దిగే ప్రయాణం కారులో వెళ్లేవారు కూడా కోరుకోదగ్గది. సాయంత్రం తిరుగు బస్సు ఎప్పుడో పొద్దునే ఫోటో తీసి పెట్టుకోండి. ఒక ఆదివారం ఆఖరి బస్సు తప్పిపోయి మా నాన్నగారిని గంటన్నర చలిలో నిలబెట్టిన రోజు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇంటి లోపల తప్పకుండా చూడవలసినవి ఏమిటి?

ఇరవై ఐదుకు పైగా గదులు చూపిస్తారు, నడక ఒకే దిశలో సాగుతుంది. అన్నిటినీ ఒకేలా చూడబోతే కళ్లు అలసిపోయి ఏదీ గుర్తుండదు. నేనైతే నాలుగుచోట్ల ఎక్కువసేపు నిలబడతాను.

మొదటిది చిత్రాల హాలు. ఫ్రెంచి చిత్రకారుడు లూయీ లగేర్ 1690లలో దీని గోడల మీదా పైకప్పు మీదా జూలియస్ సీజర్ జీవితాన్ని చిత్రించాడు. సీజర్ అనేది వంక మాత్రమే, ఆ పొగడ్త అంతా కొత్త రాజు విలియమ్‌కే. మెట్లెక్కి పైకి వెళితే రాజుగారు, రాణిగారు బస చేయడానికి మొదటి డ్యూక్ సిద్ధం చేయించిన గదులు వరుసగా వస్తాయి. ముందు కొలువు గది, దాని వెనక ఇంకో గది, చివరికి పడకగది. ఎంత పెద్ద మనిషైతే అంత లోపలి గది దాకా ప్రవేశం ఉండేది. అయితే ఆ విలియం రాజు, ఆయన రాణి మేరీ (ఇక్కడ బందీగా ఉన్న మేరీ కాదు) ఈ ఇంటికి రానే లేదు. ఆ సంగతి తెలిసి నడిస్తే ఆ గదుల నిశ్శబ్దం వేరుగా వినిపిస్తుంది.

రెండోది ఆ వరుసలోనే ఉన్న సంగీతపు గది. సగం తెరిచిన ఒక తలుపు వెనక ఇంకో తలుపు, దానికి ఒక వయొలిన్ వేలాడుతూ కనిపిస్తుంది. కమాను, తీగలు, గోడ మీద పడే నీడ అన్నీ ఉంటాయి, కానీ వయొలిన్ మాత్రం లేదు. 1723 ప్రాంతంలో యాన్ వాన్ డెర్ వార్ట్ వేసిన బొమ్మ అది. తాడు దగ్గర నిలబడి కాస్త ఎడమకూ కుడికీ జరిగి చూడండి. మనం కదిలితే నీడ కదలదు, మోసం బయటపడేది అక్కడే. మా అమ్మకు ఎంత చెప్పినా నమ్మలేదు, చివరికి గదిలోని ఉద్యోగి చిన్న టార్చి వెలిగించి చూపించారు.

మూడోది ఒక పాదం. ప్రార్థనా మందిరం పక్క నడవలో క్రీస్తుపూర్వం నాటి గ్రీకు విగ్రహపు ఎడమ పాదం, చెప్పుతో సహా, మనిషి పాదం కంటే చాలా పెద్దగా ఉంటుంది. దాని జోడు కుడి పాదం బెర్లిన్ మ్యూజియంలో ఉంది.

నాలుగోది శిల్పశాల. పెళ్లి చేసుకోని ఆరో డ్యూక్, విలియం స్పెన్సర్ కావెండిష్, తన కాలపు శిల్పుల పాలరాతి పనిని ప్రాణంలా ప్రేమించి కట్టించిన గది ఇది. శిల్పి కనోవా చెక్కిన, నిద్రిస్తున్న గ్రీకు పురాణ యువకుడు ఎండిమియన్ ఇక్కడే ఉన్నాడు. అయితే తెలుగువాళ్లు ఆగిపోయేది ఇటలీ శిల్పి రఫాయెల్ మోంటీ 1847లో పూర్తిచేసిన ముసుగు కన్య దగ్గర. రాతి ముసుగు వెనక రాతి ముఖం కనబడుతుంది. హైదరాబాద్ సాలార్ జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా ముందు చిన్నప్పుడు నోరు తెరుచుకుని నిలబడినవారికి ఇది ఆ ఊరి చుట్టమే అనిపిస్తుంది. ఆ రెబెక్కాను చెక్కిన బెంజోనీ కూడా ఇటలీ శిల్పే, మొదటి సాలార్ జంగ్ 1876లో రోమ్‌లో దాన్ని కొన్నారు. ఇద్దరు శిల్పులదీ ఒకే కిటుకు. ముసుగు పలచగా ఉన్నట్టు తోచేందుకు ముక్కు, పెదవులు, గడ్డం మీద మడతలు లేకుండా నునుపుగా వదిలి, చెంపల పక్కన మడతలను లోతుగా చెక్కుతారు. వెలుగు నునుపు మీద జారి మడతల్లో ఆగిపోతుంది, ఆ తేడాను మన కన్ను బట్ట అనుకుంటుంది. పక్కకు వెళ్లి కిటికీ వెలుతురుకు ఎదురుగా చూస్తే ఇది బాగా తెలుస్తుంది.

బయటికి వచ్చాక వెనక్కి తిరిగి కిటికీలు చూడడం మరవకండి. చట్రాల మీద మెరిసేది పసుపు రంగు కాదు, అసలైన బంగారు రేకు. పదేళ్లపాటు సాగి 2018లో ముగిసిన మరమ్మతుల్లో మూడు కోట్ల పౌండ్లకు పైగా ఖర్చు చేశారు. గోడల రాతిమీది మసిని కడిగింది కూడా అప్పుడే.

ఫోటోలు తీయనిస్తారా?

మన సొంతానికైతే తీసుకోవచ్చు, ఫ్లాష్ మాత్రం వాడకూడదు. కొన్ని బట్టలు, కాగితాలు వెలుతురుకు పాడవుతాయి కాబట్టి ఆ గదుల్లో తెరలు దించి ఉంటాయి. చీకటిగా ఉందని విసుక్కోకుండా ఒక నిమిషం నిలబడితే కళ్లు అలవాటుపడతాయి.

తోటలో ఎటు నుంచి మొదలుపెట్టాలి?

నీటి వెంట నడవండి. ఈ తోటకు ప్రాణం పూలు కాదు, నీళ్లు.

ఇంటి తూర్పు వైపు కొండవాలు మీద నుంచి రాతి మెట్ల మీదుగా దిగే జలధారను క్యాస్కేడ్ అంటారు. ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ దగ్గర పనిచేసిన గ్రిల్లే 1690లలో దీన్ని రూపొందించాడు, ఆ తర్వాత కొద్దికాలానికే దీన్ని పొడిగించారు. మెట్ల వరుసలు ఇరవై నాలుగు. ఒక్కో వరుస పొడవు, అంచు వేరుగా ఉండడం వల్ల నీటి చప్పుడు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. పైన థామస్ ఆర్చర్ కట్టిన చిన్న మంటపం దగ్గర నుంచి దిగుతూ చెవి పెట్టి వినండి. మూడు వందల ఏళ్ల కట్టడం కాబట్టి మరమ్మతుల కోసం నీరు ఆపే కాలాలు ఉంటాయి. దీనికోసమే వెళ్లేవారు ముందుగా కనుక్కోవాలి. కేపబిలిటీ బ్రౌన్ అనే ప్రసిద్ధ తోట రూపశిల్పి 1760లలో ఇక్కడి పాత పూలమళ్లన్నీ తీసేసి పచ్చిక బయళ్లుగా మార్చినప్పుడు కూడా ఈ జలధారను ముట్టుకోలేదు.

క్యాస్కేడ్ నుంచి దక్షిణంగా నడిస్తే బండల నడుమ ఒక చెట్టు ఎదురవుతుంది. దగ్గరికి వెళితే అది లోహపు చెట్టని తెలుస్తుంది. ఆకుల కొసల నుంచి నీళ్లు చిమ్ముతాయి. మొదటి చెట్టును 1690లలోనే పెట్టారు, ఇప్పుడున్నది తర్వాతి కాలపు ప్రతి. 1832లో ఇక్కడికి వచ్చిన పదమూడేళ్ల విక్టోరియా రాకుమారి దీన్ని చూసి ముచ్చటపడింది. మా పిల్లలు కూడా గంటసేపు అక్కడి నుంచి కదలలేదు.

ఇక ఇంటికి దక్షిణంగా ఉన్న పొడవాటి కొలనులో చక్రవర్తి ఫౌంటెన్. రష్యా చక్రవర్తి మొదటి నికొలస్ వస్తాడని 1844లో ఆరో డ్యూక్ దీన్ని తలపెట్టారు. తోట అధికారి జోసెఫ్ ప్యాక్స్‌టన్ ఇంటికంటే సుమారు 350 అడుగుల ఎత్తున, కొండపై ఎనిమిది ఎకరాల చెరువు తవ్వించాడు. పనివాళ్లు రాత్రిళ్లు దీపాల వెలుగులో కూడా తవ్వి ఆరు నెలల్లో ముగించారు. పంపులు లేవు, మోటార్లు లేవు. ఎత్తులో ఉన్న నీరు ఇనుప గొట్టంలోంచి దిగివచ్చిన ఒత్తిడితోనే పైకి లేస్తుంది. ఆ ధార 296 అడుగులు ఎగిసినట్టు నమోదైంది. అంత చేసినా చక్రవర్తి రాలేదు. ఫౌంటెన్‌కు ఆయన పేరు మాత్రం నిలిచింది. ఇప్పుడు నీటి పొదుపు కోసం, గాలిని బట్టి ధారను చాలావరకు తగ్గించి వదులుతారు. పై చెరువుల నీటితోనే 1893లో ఇంటికి విద్యుత్తు తయారుచేసుకున్నారు.

ప్యాక్స్‌టన్ ఎవరు? ప్రసిద్ధమైన గాజు భవనం ఏది?

గాజు భవనం ఇప్పుడు లేదు, ఆయన ఆనవాళ్లు మాత్రం తోటంతా ఉన్నాయి. రైతు కుటుంబంలో పుట్టిన ప్యాక్స్‌టన్‌కు ఆరో డ్యూక్ 1826లో ఇరవై రెండేళ్లకే తోట బాధ్యతంతా అప్పగించారు. ప్యాక్స్‌టన్ లండన్ నుంచి రాత్రి బండిలో చెస్టర్‌ఫీల్డ్ దిగి, తెల్లవారుజామున నాలుగున్నరకు ఇక్కడికి చేరి, తలుపులు తీసేవారు లేక గోడ దూకి లోపలికి వచ్చాడు. తోటంతా తిరిగి చూసి, ఆరింటికి పనివాళ్లను పనిలో పెట్టి, ఫౌంటెన్లు ఆడించి చూసుకున్నాడు. ఫలహారానికి ఇంటి పెత్తనం చూసే ఆవిడ దగ్గరికి వెళ్లి, అక్కడ ఆమె మేనకోడలు సారాను చూశాడు. తొమ్మిది గంటల లోపే ఇద్దరి మనసులూ కలిశాయని ఆయనే చెప్పుకున్నాడు. మరుసటి ఏడాది వారికి పెళ్లయింది.

1836లో ఆయన మొదలుపెట్టిన గాజు గృహం 277 అడుగుల పొడవు, 123 అడుగుల వెడల్పు ఉండేది. మధ్య దారిలో గుర్రపు బండ్లు నడిచేవి. 1843లో విక్టోరియా రాణి వచ్చినప్పుడు వేల దీపాల మధ్య బండిలోనే లోపల తిరిగింది. ఉష్ణమండలపు మొక్కలకు వెచ్చదనం కోసం ఎనిమిది బాయిలర్లు, మైళ్ల కొద్దీ గొట్టాలు ఉండేవి. అంత అందం పక్కన పొగ, మసి కనిపించకూడదని బొగ్గును భూగర్భ సొరంగంలో తెచ్చేవారు. బొగ్గు మోసినవారి పేర్లు ఏ పలక మీదా లేవు. సొరంగపు నోరు మాత్రం ఇప్పటికీ కనిపిస్తుంది, అక్కడ ఒక్క క్షణం ఆగమని కోరుతాను. మొదటి ప్రపంచ యుద్ధంలో బొగ్గు దొరకక మొక్కలు చచ్చిపోయాయి. 1920లో పేలుడు మందు పెట్టి గృహాన్ని కూల్చారు, అది కూడా ఒకటి రెండు ప్రయత్నాలకు లొంగలేదు. పునాది గోడల మధ్య 1962లో యూ అనే సతతహరిత మొక్కలతో చిక్కుదారి తోట పెంచారు, పిల్లలు ఇప్పుడు అందులో దారి తప్పి ఆడుకుంటారు.

ఆ అనుభవమే ప్యాక్స్‌టన్‌ను 1851 లండన్ ప్రదర్శన కోసం కట్టిన స్ఫటిక భవనం (క్రిస్టల్ ప్యాలెస్) దాకా తీసుకెళ్లింది. 1849 నవంబరులో బ్రిటన్‌లో మొట్టమొదటగా విక్టోరియా తామర పూసింది కూడా ఇక్కడే. ఆ ఆకు మీద తన చిన్న కూతుర్ని నిలబెట్టి చూసి, బరువు మోసే ఆకు ఈనెలను చూసే పైకప్పు కట్టే ఆలోచన పొందానని ఆయన చెప్పేవాడు.

మనం తినే అరటిపండుకు ఈ ఇంటితో సంబంధం ఉందంటారు, నిజమేనా?

నిజమే. 1830 ప్రాంతంలో మారిషస్ నుంచి ఇంగ్లండ్‌కు చేరిన ఒక పొట్టి అరటి మొక్కను ప్యాక్స్‌టన్ సంపాదించి ఇక్కడి గాజు గదిలో నాటాడు. 1835 నవంబరులో అది గెల వేసింది. మరుసటి ఏడాది లండన్ ఉద్యాన సంఘం ప్రదర్శనలో దానికి పతకం వచ్చింది. యజమాని ఇంటిపేరు కావెండిష్ కాబట్టి ఆ అరటికీ ఆ పేరే పెట్టారు. కొద్ది ఏళ్లకు జాన్ విలియమ్స్ అనే మిషనరీ ఇక్కడి పిలకలను సమోవా దీవులకు తీసుకెళ్లాడు. అక్కడి నుంచి అవి పసిఫిక్ దీవులకు పాకాయి. 1950లలో పనామా తెగులు సోకి, అప్పటిదాకా ప్రపంచ ఎగుమతులన్నీ ఆధారపడిన గ్రోమిషెల్ అరటి తోటలు నాశనమయ్యాయి. ఆ తెగులును తట్టుకున్న కావెండిష్ జాతి వాటి స్థానంలోకి వచ్చింది.

మన పొట్టి పచ్చ అరటి, అనంతపురం, కడప రైతులు టిష్యూ కల్చర్ మొక్కలు తెచ్చి నాటే జీ-నైన్ అనే గ్రాండ్ నైన్, రెండూ ఈ కావెండిష్ జాతివే. అలాగని మన పొలాల్లోని ప్రతి పిలకా చాట్స్‌వర్త్ మొక్కకే పుట్టిందనడం సరికాదు. ఈ జాతి ఆసియాదే, పలు దారుల్లో ప్రపంచమంతా తిరిగింది. పేరు మాత్రం ఈ ఇంటిది. పులివెందుల వైపు అరటి తోటలున్న మా బంధువొకాయన ఇక్కడికి వచ్చినప్పుడు బంగారు కిటికీల దగ్గర కంటే ఈ కథ విన్నాకే ఎక్కువసేపు నిలబడిపోయారు. తర్వాత గాజు గదుల అద్దానికి ముఖం ఆనించి లోపలికి చూస్తూ, "ఇంత చలిలో గెల వేయించాడంటే వాడు రైతే" అన్నారు.

ఈ సంపద భారతదేశం నుంచి వచ్చిందేనా?

ఈ ప్రశ్న మన వాళ్లు అడగవలసిందే, జవాబు కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. మూలధనం ఇంగ్లండ్‌లోనే పుట్టింది. సర్ విలియం కావెండిష్ ఎనిమిదో హెన్రీ రాజు క్రైస్తవ మఠాలను మూయించి ఆస్తులు స్వాధీనం చేసుకున్నప్పుడు ఆ పని చేసిన అధికారుల్లో ఒకరు, ఎదిగింది ఆ కొలువులోనే. తర్వాత సీసం, రాగి గనులు, పెళ్లిళ్ల ద్వారా కలిసొచ్చిన ఎస్టేట్లు, ఐర్లండ్‌లోని భూముల శిస్తులు తోడయ్యాయి. బెంగాల్‌లో సంపాదించిన డబ్బుతో లేచిన కొన్ని ఇంగ్లీషు భవనాల కోవలోది కాదు ఇది.

అయితే సామ్రాజ్యంతో సంబంధం లేదనడమూ తప్పే. 1835లో ప్యాక్స్‌టన్ జాన్ గిబ్సన్ అనే తోటమాలిని గవర్నర్ జనరల్ ఆక్లండ్ ప్రయాణించే ఓడలోనే కలకత్తాకు పంపాడు. గిబ్సన్ ఖాసీ కొండల్లో వందల ఆర్కిడ్లు సేకరించి, బర్మాకు చెందిన అమ్హర్స్టియా చెట్టు మొక్కను గాజు పెట్టెలో కాపాడుకుంటూ 1837లో తిరిగి వచ్చాడు. ఆ కొండదారుల్లో బరువులు మోసింది ఎవరో మనం ఊహించుకోవచ్చు. తర్వాత ఎనిమిదో డ్యూక్ అయిన లార్డ్ హార్టింగ్టన్ 1880 నుంచి 1882 దాకా భారత వ్యవహారాల మంత్రిగా పనిచేశారు.

ఇప్పటికీ డ్యూక్ అక్కడే ఉంటారా?

ఆ కుటుంబం అక్కడే ఉంటుంది, కానీ ఇల్లు, తోట 1981 నుంచి ఒక ధర్మనిధి చేతుల్లో ఉన్నాయి. కుటుంబం తాను ఉండే భాగానికి అద్దె చెల్లిస్తుంది. దీని వెనక ఒక విషాదం ఉంది. పదో డ్యూక్ పెద్దకొడుకు విలియం 1944లో బెల్జియంలో యుద్ధంలో చనిపోయాడు. డ్యూక్ ఆస్తిని తర్వాతి తరానికి బదలాయించారు గానీ, పన్ను తప్పాలంటే ఆ తర్వాత ఐదేళ్లు బతికి ఉండాలన్నది నిబంధన. 1950 నవంబరులో, గడువుకు పద్నాలుగు వారాల ముందు ఆయన మరణించారు. ఆస్తి విలువలో నూటికి ఎనభై వంతు పన్నుగా పడింది. వేల ఎకరాలు అమ్మి, మేటి చిత్రాలు ఇచ్చి, బెస్ కట్టించిన హార్డ్‌విక్ హాల్‌ను ప్రభుత్వానికి అప్పగించి, పదిహేనేళ్లకు పైగా ఆ బాకీ తీర్చారు. పదకొండో డ్యూక్ ఆండ్రూ, భార్య డెబోరా ఆ స్థితిలో ఇంటిని నిలబెట్టి 1959లో తిరిగి కాపురం పెట్టారు.

అంతకుముందు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వేల్స్‌కు చెందిన ఒక బాలికల పాఠశాల ఇక్కడ నడిచింది. సైనికుల కంటే బడిపిల్లలు ఇంటిని పదిలంగా చూస్తారని పదో డ్యూక్ భావించారు. ఏ రాజు కోసమో ముస్తాబు చేసిన గదుల్లో, మంచాలు వరుసగా వేసుకుని ఆ పిల్లలు పడుకున్నారు.

పెద్దవాళ్లకు మోకాళ్ల నొప్పులున్నాయి. ఇబ్బంది పడతారా?

ఇంట్లో లిఫ్టు ఉంది, సిబ్బందికి చెబితే మెట్లు లేని దారిలో తీసుకెళతారు. చక్రాల కుర్చీలు, తోటలో నడిపే బ్యాటరీ బండ్లు ముందుగా అడిగి పెట్టుకోవాలి. క్యాస్కేడ్ పక్క వాలు, బండల తోట మెట్లు మోకాళ్లకు కష్టమే. వాళ్లను ఫౌంటెన్ కొలను పక్క బల్ల మీద కూర్చోబెట్టండి, అక్కడి నుంచి ఇంటి దక్షిణపు ముఖం మొత్తం కనిపిస్తుంది. చీర కట్టుకున్నా పర్వాలేదు గానీ కాళ్లకు పట్టు ఉన్న బూట్లు ఉండాలి, జూన్‌లో కూడా స్వెటర్ దగ్గర పెట్టుకోవాలి.

తిండి సంగతి?

పాత గుర్రపుశాలల్లో భోజనశాలలున్నాయి, శాకాహారం దొరుకుతుంది. మాకైతే పులిహోర, పెరుగన్నం డబ్బాల్లో పెట్టుకెళ్లి నది ఒడ్డున పచ్చికలో తినడమే ఇష్టం. గొర్రెలు దగ్గరకు వస్తాయి, వాటికి పెట్టకండి. తిన్న చోటు శుభ్రం చేసి రండి.

టికెట్ కొనలేకపోతే చూడడానికి ఏమీ ఉండదా?

చాలానే ఉంది. ఇంటి చుట్టూ ఉన్న వెయ్యి ఎకరాల పార్కులో కాలిబాటలకు టికెట్ లేదు. జేమ్స్ పెయిన్ కట్టిన వంతెన మీద నిలబడితే నది, పచ్చిక, ఇల్లు, వెనక కొండ ఒకే చూపులో అందుతాయి. సామాన్యుల రాకపోకలు ఈ ఇంటికి కొత్త కాదు. 1849లో రైలు మూడు మైళ్ల దూరంలోని రౌజ్లీ దాకా వచ్చినప్పుడు, ఆ ఒక్క వేసవిలోనే ఎనభై వేలమంది ఈ ఇల్లు చూడడానికి వచ్చారు.

వంతెన దాటి గుట్ట మీదుగా పది నిమిషాలు నడిస్తే ఎన్జర్ అనే ఊరు వస్తుంది. ఇంటి కిటికీలోంచి కనిపించకూడదని ఆరో డ్యూక్ 1838 తర్వాత ఆ ఊరిని చాలావరకు పక్కకు జరిపి కట్టించారు. ఏ రెండు ఇళ్లూ ఒకేలా ఉండవు. ఊరి వారి మాట ఎవరైనా అడిగారో లేదో గానీ, ఇళ్లు మాత్రం ముచ్చటగా ఉన్నాయి. చర్చి ఆవరణ పైభాగంలో డ్యూకుల సమాధులు ఉంటాయి, అలంకారం లేని చిన్న రాళ్లు. యుద్ధంలో చనిపోయిన విలియం భార్య, అమెరికా అధ్యక్షుడు కెనెడీ చెల్లెలు కాథ్లీన్ అక్కడే ఉంది. 1963 జూన్‌లో అన్న వచ్చి ఆమె సమాధి దగ్గర నిలిచిన గుర్తుగా ఒక పలక ఉంది. వాటిని చూసి వెనక్కి దిగుతుంటే, దిగువన చర్చికి దగ్గరగా, డ్యూకుల రాళ్లన్నిటికంటే ఎత్తుగా ఒక పెద్ద సమాధి కనిపిస్తుంది. అది గోడ దూకి పనిలో చేరిన ప్యాక్స్‌టన్‌ది.